నా బండి మీద మట్టిగూడు

నా బండిలో పురుగులు కాపురం పెట్టడం కొత్త కాదు. మా తనకల్లు వైపు ఎండల్లో కాస్త నీడ దొరికితే మనిషే వదలడు, చీమ వదులుతుందా? సీటు కింద నల్లచీమలు, అద్దాల సందుల్లో సాలెగూళ్ళు, తొలివానకు హెడ్‌లైటులో దూరి చచ్చే ఉసిళ్ళు, అన్నిటినీ చూశాను. ఒకసారి ఎవరో ప్రేమగా ఇచ్చిన పాల క్యాను సీటు మీద ఒలికింది. చీమలు స్పాంజిలో నుంచి దిగి, వైర్ల వెంబడి నడిచి, హారను స్విచ్చి దాకా పోయాయి. మరునాడు తాళం తిప్పగానే హారను దానంతట అదే మోగడం మొదలుపెట్టింది. పాలకేంద్రం ముందు నిలబడిన జనమంతా పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎమ్మెల్యే వచ్చినా అంత మర్యాద చేయరు మా ఊళ్ళో.

వాటితో వేగడానికి నా పద్ధతులు నాకున్నాయి. కిరోసిన్ గుడ్డతో స్టాండు కాళ్ళు తుడుస్తాను. వారానికోసారి సీటు ఊడదీసి ఎండలో బోర్లిస్తాను. వైర్లు కనిపించే చోటల్లా వేపనూనె రాస్తాను. సైలెన్సరు గొట్టంలో ఏదీ దూరకుండా సాయంత్రం గుడ్డ ఉండ కుక్కుతాను. పొద్దున దాన్ని తీయడం మరిచిపోయి, బండి స్టార్టు కాక, కిక్కు కొట్టీ కొట్టీ నన్ను నేనే తిట్టుకున్న రోజులూ ఉన్నాయి. ఇవన్నీ పనులు, గొడవలు కావు. గొడవ తెచ్చింది మాత్రం కందిరీగ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కందిరీగను చూసి మా అత్త అన్న మాట.

ముందు నా పని చెప్పాలి. నేను ఆవులకు ఎద సూది వేసే మనిషిని. మంచి జాతి కోడెల వీర్యం సన్న గొట్టాల్లో వస్తుంది. దాన్ని గడ్డకట్టించి ఉంచే చల్లటి క్యాను నా బండి వెనక కట్టి ఉంటుంది. ఆవు ఎదకొచ్చిందని రైతు ఫోను చేస్తే నేను పోవాలి. పొద్దున ఎదకొస్తే సాయంత్రంలోపు, సాయంత్రం వస్తే మరునాటి పొద్దునకు సూది పడాలి. ఆ గడువు దాటితే మళ్ళీ మూడు వారాలు ఆగాలి. వేరుశనగ చేతికి రాని ఏడు మా వైపు ఇళ్ళు నడిచేది పాల మీదే. ఆవు చూడి కట్టాలి, ఈనాలి, అప్పుడే పాలు. అందుకే నాకు బండి కావాలి. స్కూటీ కాదు, గేర్ల బండి. మా గుట్టల దారుల్లో స్కూటీ వేసుకొని పోతే, తిరిగొచ్చేటప్పుడు దాన్ని నేను మోసుకురావాలి.

నాకు పెళ్ళయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఈ రెండు సంగతులూ ఒకే మనిషిలో కలిసేసరికి ఊరికి ఎంత వేడుకో చెప్పలేను. "మండలంలో ఆవులన్నిటికీ కడుపు చేస్తాది, దాని కడుపు మాత్రం..." అని ఎన్ని నోళ్ళు అన్నాయో. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత ఎదురు మాట నేర్చుకున్నాను. "నా సూది ఆవులకే పనిచేస్తాది, నీగ్గావల్లంటే చెప్పు, వేసి చూద్దాం" అంటే ఎంతటివాళ్ళైనా నోరు మూసుకొని పోయేవాళ్ళు.

మా అత్త మాత్రం నోరు మూసుకునే మనిషి కాదు. ఆమె లెక్కలో తప్పంతా బండిది. "ఇంజను మింద కూర్చోని తిరిగి తిరిగి నీ కడుపు ఉడుకెత్తి ఉండాది, ఆడ ఏం నిలుస్తాది?" అనేది. కదిరిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, నాలో ఏ లోపమూ లేదని, ఈసారి మీ ఆయన్ను తీసుకొని రమ్మని చెప్పింది. ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయనది బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు. కాలిపోయిన మోటారును వాసన చూసి ఎక్కడ మాడిందో చెప్తాడు. డాక్టరమ్మ పంపిన మాట మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవిన పడలేదు. తిట్టడు, కొట్టడు, తాగడు. ఆ ఒక్క మాట వచ్చేసరికి చెప్పులేసుకొని షాపుకు పోయేవాడు.

ఇక కందిరీగ సంగతి. వాన కోసం అందరూ ఆకాశం చూస్తున్న రోజులవి. నీళ్ళ ట్యాంకరు వచ్చే టైము చూసుకొని స్నానాలు చేస్తున్నాం. ఒక ఆదివారం పొద్దున మా అత్త పంచలో కూర్చొని చింతపండు గింజలు తీస్తూ, "మే, ఇట్ల రా" అని మెల్లగా పిలిచింది. ఆమె అంత మెల్లగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. పంచలో నిలబెట్టిన నా బండి వైపు వేలు చూపించింది. నడుము సన్నగా ఉన్న కందిరీగ ఒకటి నోట మట్టి ముద్ద పట్టుకొని సీటు కిందికి దూరుతోంది. వంగి చూశాను. వెనక చక్రం పైన, రేకు లోపలి వైపు, మట్టి గొట్టాలు రెండు పక్కపక్కనే అంటించి ఉన్నాయి. మూడోది కడుతోంది.

నేను గోకడానికి స్క్రూడ్రైవరు కోసం లేచాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"తాకొద్దు. గూడు జూడు, పొడుగ్గా ఉండాది. మగపిల్లోడు."

కందిరీగ ఇంట్లో మట్టిగూడు పెడితే ఆ ఇంట్లో కాన్పు అవుతుందని మా వాళ్ళ నమ్మకం. గుండ్రంగా పెడితే ఆడపిల్ల, పొడుగ్గా పెడితే మగపిల్లాడు. కందిరీగ పిల్లలు బయటికి ఎగిరిపోయేదాకా ఆ గూడు జోలికి ఎవరూ పోకూడదు.

"నీ మొగుడు నా కడుపులో పడకముందు ఈ దూలానికే కట్టినాది. అప్పుడు మా అత్త సున్నం గూడా కొట్టనీలా. నేను చూసినా ఈ కండ్లతో," అంది.

సాయంత్రానికి సంగతి వీధంతా తెలిసింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి వరసగా వంగి నా బండి కింద చూశారు. కొత్తగా ఈనిన ఆవును కూడా అంతమంది వచ్చి చూడరు. అక్కడ ఒక పెద్ద పంచాయతీ జరిగింది. ఇంటికి కడితే సరే, బండికి కడితే లెక్కకొస్తుందా?

"బండి ఇల్లెట్లయితాది? దూలానికో గోడకో కట్టల్ల," అని ఒకామె.

"బండి పంచలో ఉండాది గదా. పంచ ఇల్లు గాదా?" అని మా అత్త.

"ఇప్పుడు పంచలో ఉండాది. రేపు పొద్దున ఈయమ్మ తోలుకొని పోతాది. గూడు గూడా పోతాది. ఎవురి కొట్టం ముందర నిలబెడితే ఆడ పుడ్తాది, దూడ," అని ఇంకొకామె అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను.

ఆ నవ్వులో నుంచే తీర్పు వచ్చేసింది. బండి పంచలో ఉన్నంతసేపు అది ఇంటి కిందే లెక్క. గడప దాటిందా, గూడు వీధిపాలు, ఫలం ఎవరిదో ఏమో. కాబట్టి కందిరీగలు ఎగిరిపోయేదాకా బండి కదలకూడదు. మా అత్త లోపలికి పోయి పసుపు కుంకుమ తెచ్చి నంబరు ప్లేటుకు పెట్టింది. నా బండికి ఆయుధపూజ నాడు కూడా ఆమె ఎప్పుడూ బొట్టు పెట్టలేదు.

ఇప్పుడు చదివే వాళ్ళు అడుగుతారు, చదువుకున్నదానివి, ఆవుల కడుపు సంగతి ఇంత తెలిసినదానివి, ఎందుకు ఒప్పుకున్నావని. నాకు ఆశ పుట్టింది, అందుకు. ఎంత తెలిసినా ఆశ పుట్టింది. రాత్రి పడుకునే ముందు పంచలోకి పోయి, ఫోను లైటు వేసి, ఆ మట్టి గొట్టాలను చూసేదాన్ని. పొడుగ్గానే ఉన్నాయి. నా పనికి, నా చదువుకు, నా నోటికి, దేనికీ లొంగని ఆశ అది. దాన్ని తలుచుకొని నేను సిగ్గుపడను.

మా అత్త సంబరం మాత్రం చూడాలి. నేను స్నానానికి ఒక చెంబు ఎక్కువ వాడితే, "మీ నాయన ఏమన్నా చెరువు రాసిచ్చినాడా?" అనే మనిషి, రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్ళు మెట్ల పక్కన మట్టిలో పోసేది. ఎందుకంటే కందిరీగకు తడి మట్టి కావాలి, ఊళ్ళో ఎక్కడా తడి లేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు కాదు, తాగే నీళ్ళు. కందిరీగ వచ్చి అక్కడ వాలితే, "తీసుకోమ్మా, తీసుకో" అని పక్కకు జరిగేది. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. నాకు ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఆ మనిషి మీద జాలేసేది.

కానీ ఆవులకు ఈ సంగతి తెలియదు కదా. అవి ఎదకు రావడం ఆపలేదు. నేను క్యాను ఒళ్ళో పెట్టుకొని షేరు ఆటోల్లో తిరగడం మొదలుపెట్టాను. ఆటో నిండితే గానీ కదలదు. నిండింది అనుకున్నాక ఇంకా ముగ్గురు ఎక్కాలి. క్యాను మూత సందులో నుంచి తెల్లటి పొగ వస్తుంటే పక్కన కూర్చున్నవాళ్ళు, "ఏమమ్మా, అది పేల్తాదా?" అని అడిగి దూరం జరిగేవాళ్ళు. అట్లా జరగడం ఒక్కటే నాకు దక్కిన సుఖం.

గుట్ట అవతల పల్లెలో సాయిబుల ఇంటి పెద్దామె ఒకామె ఉంది. ఆమె, ఆమె కోడలు, ఒక ఎర్రావు, అంతే ఆ ఇల్లు. ఆ ఆవు పాలతోనే వాళ్ళకు పొద్దు గడిచేది. ఆవు వట్టిపోయింది, ఇప్పుడు ఎదకొచ్చిందని పొద్దున్నే ఫోను చేసింది. నేను ఆటో ఎక్కి, దిగి, ఇంకో ఆటో దొరక్క, ఎండలో క్యాను మోసుకొని గుట్ట దిగి పోయేసరికి చీకటి పడింది. ఆవు గమ్మున నెమరేస్తోంది. చెయ్యి పెట్టి చూశాను. అయిపోయింది.

"పొద్దున్నించి తోవ జూసినా డాక్టరమ్మా," అంది పెద్దామె. నేను డాక్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా ఆమె అట్లాగే పిలిచేది. "బండేమాయ?"

చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు.

"మీ అత్త కందిరీగ కోసం నా ఆవు ఆగల్లంటావా?" అని మాత్రం అడిగింది.

క్యాను ఎత్తుకొని బయలుదేరాను. తిరిగొస్తుంటే నాకు కోపం వచ్చింది. ఆ పెద్దామె మీద కాదు, అత్త మీద కూడా అంతగా కాదు. ఇంటిల్లిపాదీ నా కడుపు చుట్టూ చేరి కాపలా కాస్తున్నారు, నేను కూడా వాళ్ళతో కలిసి కాపలా కాస్తున్నాను. నా చేతిలో ఉన్న పని మాత్రం పంచలో దుమ్ము పట్టి నిలబడి ఉంది.

మూడు వారాలకు పెద్దామె మళ్ళీ ఫోను చేసింది. పొద్దున్నే ఆవు అరుస్తోందట. ఫోను పెట్టేసి నేరుగా పంచలోకి పోయి బండికి క్యాను కట్టాను. మా అత్త చీపురు చేతిలో పట్టుకొని అడ్డం వచ్చింది.

"ఇంగా ఎగిరిపోలా. ఇంగ నాలుగు దినాలు ఆగితే ఏం బోతాది?"

"ఆవు బోతాది."

"గడప దాటిస్తే నీ కడుపు నువ్వే కాళ్ళతో తన్నుకున్నట్లు. నేను చెప్పేది చెప్తాండా."

మా ఆయన పళ్ళపుల్ల నోట్లో పెట్టుకొని బయటికి వచ్చాడు. "ఒక నెల అమ్మ మాట ఇంటే ఏమైతాది?" అన్నాడు.

"నెల మీకుండాదప్పా, ఆవుకు లేదు," అని బండి పంచ దించాను. గూడును తాకలేదు. అంత కోపంలోనూ తాకలేదు. ఆశ అంత తొందరగా చావదు.

ఊరు దాటి కొంత దూరం బాగానే పోయింది. తర్వాత ఇంజను రెండుసార్లు కుదుపిచ్చి ఆగిపోయింది. కిక్కు కొట్టాను, కొట్టాను, కదల్లేదు. కాసేపు రోడ్డు పక్కన నిలబెట్టి నీళ్ళు తాగి మళ్ళీ కొడితే లేచింది. ఇంకొంత దూరం పోయి మళ్ళీ ఆగింది. అట్లా ఆగుతూ లేస్తూ తనకల్లు చేరి మెకానిక్కు దగ్గర నిలబెట్టాను. అతను ముందు ట్యాంకు మూత తీసి పెట్రోలు చూశాడు. ప్లగ్గు తీసి గీకాడు. కార్బొరేటరు విప్పి ఊదాడు. కిక్కు కొడితే ఒక్క దెబ్బకు లేచింది. షాపు ముందు రెండు చుట్లు తిప్పి తెచ్చాడు.

"బండికేం ల్యాదక్కా. నువ్వే ఏదో మనసులో పెట్టుకోని తోల్తాండావు," అన్నాడు.

నేను మనసులో పెట్టుకున్న మాట నిజమే. కానీ బండి దానికి ఆగదు కదా. గుట్ట ఎక్కడం మొదలుపెట్టాక మళ్ళీ ఆగింది. ఎండ నెత్తిన ఉంది. అటూ ఇటూ బీడు, మధ్యలో నేను. పెద్దామె రెండుసార్లు ఫోను చేసింది. రెండోసారి ఎత్తలేదు. బండి పక్కన ఒక రాయి మీద కూర్చున్నాను. గడప దాటిస్తే నీ కడుపు నువ్వే తన్నుకున్నట్లు అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. నిజమేనేమో, బండే నన్ను పోనివ్వడం లేదేమో అనిపించింది. మెకానిక్కు కార్బొరేటరు ఊదినా పోని భయం అది. చాలా ఏడుపు వచ్చింది. ఏడ్చాను కూడా. చూసేవాళ్ళు ఎవరూ లేరు, నాలుగు మేకలు తప్ప.

ఏడుపు అయ్యాక పెట్రోలు ఎంతుందో చూద్దామని ట్యాంకు మూతకు తాళం తిప్పాను. మూత ఎత్తగానే సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడైంది. పెట్రోలు సగం పైనే ఉంది. మూత పెట్టి కిక్కు కొట్టాను. వెంటనే లేచింది. అప్పుడు తట్టింది. ట్యాంకులో పెట్రోలు కిందికి దిగుతుంటే పైనుంచి గాలి పోవాలి. దానికి మూతలో తాళం పక్కన ఒక సన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుంటే పెట్రోలు దిగదు, ఇంజను ఆగిపోతుంది. మెకానిక్కు ముందు మూత తీశాడు, గాలి పోయింది, బండి బాగైపోయింది.

ఇంజను ఆపి మూతను దగ్గరగా చూశాను. రంధ్రంలో మట్టి. నున్నగా, వేలితో అద్దినట్టు. మా అత్త రోజూ పోసిన మంచినీళ్ళతో తడిసిన మట్టి.

మా వైపు ఆడవాళ్ళమంతా తాళికి పిన్నీసులు వేలాడదీసుకుంటాం. కొంగు చిరిగినా, చెప్పు తెగినా, ముల్లు దిగినా అవే దిక్కు. తాళి బయటికి లాగి ఒక పిన్నీసు తీసి, ఆ రంధ్రాన్ని గట్టిగా పొడిచాను. మట్టి పలుకులుగా రాలింది. దాని వెనక, సన్న రంధ్రాల్లో గూడు పెట్టే ఇంకో చిన్న రకం కందిరీగ దాచుకున్న ఆకుపచ్చ పురుగు తోలు పిన్నీసు మొనకు అంటుకొని వచ్చింది. ఇంకా లోపలికి పొడిచాను. నోరు పెట్టి ఊదితే గాలి అవతలికి పోయింది. పెదాల మీద పెట్రోలు మంట. పిన్నీసును కొంగుతో తుడిచి, మళ్ళీ తాళికే తగిలించుకొని, బండి ఎక్కాను.

ఆ తర్వాత అది ఎక్కడా ఆగలేదు. గుట్ట మూడో గేరులోనే ఎక్కింది. గుట్ట దిగి ఆ ఇంటి కొట్టంలోకి నేరుగా పోయి నిలబెట్టాను. ఆవు తోక పక్కకు పెట్టి నిలబడి ఉంది, టైము మిగిలే ఉంది. చెయ్యి కడుక్కొని, తొడుగు వేసుకొని, సూది వేశాను. పెద్దామె ఆవు మెడ పట్టుకొని నిలబడి, నా మూతి చూసి, "పెట్రోలు తాగినావా ఏంది?" అంది. ఆ ఆవు చూడి కట్టి తర్వాత పేయదూడను వేసింది. అదంతా నా బండి మీది గూడు చలవేనని మా వీధిలో ఒకామె ఇప్పటికీ అంటుంది. సూది వేసింది నేను.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. బండిని పంచలోకి ఎక్కించి, లోపలికి పోయి స్క్రూడ్రైవరు తెచ్చాను. మా అత్త అర్థమై లేచి వచ్చింది. మా ఆయన అప్పుడే షాపు నుంచి వచ్చి మెట్ల మీద కూర్చొని ఉన్నాడు.

"తీస్తే నా మింద ఒట్టు," అంది అత్త.

"ఒట్టు ఎందుకులే అత్తా. నిన్ను ఒకటడుగుతా, చెప్పు. నువ్వు ఎనుములు మేపినదానివి. ఎనుము చూడి కట్టకపోతే ఏం చేస్తాంటివి?"

"ఇంగోసారి తోలుకొని పోతాంటి."

"అప్పుడూ కట్టకపోతే?"

"ఇంగో దున్న కాడికి తోలుకపోతాంటి. ఎనుముదే తప్పని ఎట్ల తెలుస్తాది?"

మాట నోటి నుంచి వచ్చేసింది. వచ్చాక గానీ ఆమెకు అర్థం కాలేదు. ఆమె ముఖం నెమ్మదిగా మారింది. మెట్ల మీద నుంచి మా ఆయన లేచి నిలబడ్డాడు. చెప్పుల కోసం కాళ్ళు వెతుకుతున్నాయి.

"నేను దున్నను మార్చమనలేదత్తా," అన్నాను. "ఒకసారి చూపించమంటాండా. ఇన్నేండ్ల నుంచి అదే అడుగుతాండా."

 నేను మోకాళ్ళ మీద కూర్చొని, సీటు కిందికి చెయ్యి పెట్టి, గూడు గీకాను. గట్టి మట్టి, తొందరగా రాలేదు. వచ్చినప్పుడు ముక్కలుగా నేల మీద పడింది. అందులో నుంచి సాలెపురుగులు రాలాయి. చచ్చినవి కావు. కాళ్ళు ఒకటీ అరా కదులుతున్నాయి, నడవలేవు. వాటి మధ్య తెల్లటి పురుగు ఒకటి, లావుగా, మెత్తగా. కందిరీగ తన పిల్ల తినడానికి ఆ సాలెపురుగులను కుట్టి పడేసి, ప్రాణం ఉండగానే గొట్టంలో కూరి, మట్టితో మూసేస్తుంది. దాన్ని చూస్తే నాకు జాలి కలిగింది. దాని ఇల్లు అది కట్టుకుంది, దాని పిల్ల కోసం అది కష్టపడింది. నా మీద దానికి ఏ కక్షా లేదు. కానీ అది కట్టింది నా బండి మీద.

మా అత్త వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"అన్నీ సాలెపురుగులే," అంది.

"ఉయ్యాల అనుకుంటివి. అది దాని వంటిల్లు అత్తా."

ఆమె చీపురు తెచ్చి ఆ మట్టినీ పురుగులనూ చేటలోకి ఎత్తి, వీధిలోకి కాకుండా పెరట్లోకి తీసుకుపోయి కోళ్ళకు వేసింది. ఆ పూట నాకు అన్నం కూడా ఆమే పెట్టింది. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను తిట్టలేదు, బతిమాలలేదు. రేపు పొద్దున కదిరి పోతాండా, వస్తే రా, అని ఆయన వీపుకు చెప్పి పడుకున్నాను.

పొద్దున బండి వీధిలోకి దించి స్టార్టు చేశాను. ఎదురింటి వాళ్ళు కల్లాపి చల్లడం ఆపి చూస్తున్నారు. మా ఆయన ఉతికిన చొక్కా వేసుకొని గడపలో నిలబడ్డాడు. ముందుకూ రాడు, లోపలికీ పోడు. మా అత్త ఆయన వెనకే ఉంది. కొడుకు ముఖం చూడకుండా, "పోరా. ఎంతసేపు నిలబెడ్తావు దాన్ని," అంది.

ఆయన వచ్చి తాళం కోసం చెయ్యి చాచాడు. "జరుగు, నేను తోల్తా."

"ఎనక కూర్చో," అన్నాను.

వీధి అంతా చూస్తోంది. ఆయన ఒక్క క్షణం ఆగి, కాలు అటు వేసి, నా వెనక కూర్చున్నాడు.

కదిరిలో పరీక్షల్లో ఏం తేలిందో ఇక్కడ రాయను. ఊళ్ళో అందరికీ కావలసింది అదే. అది ఆయనదీ నాదీ.

మా ఇంటి నుంచి రోడ్డెక్కడానికి చేల గట్టు మీదుగా దగ్గరి దారి ఒకటి ఉంది. ఆ దారిన పోతే ఎవరికీ కనబడం. ఆ పొద్దున బండి కదలగానే ఆయన నా భుజం తట్టి, ఇట్ల పోనీ అన్నాడు. నేను తిప్పలేదు. పాలకేంద్రం ముందు నుంచి, టీ కొట్టు ముందు నుంచి, రచ్చకట్ట మీద కూర్చున్న మగవాళ్ళందరి ముందు నుంచి, ఊరి మధ్యలో నుంచే పోనిచ్చాను. మెల్లగా, రెండో గేరులోనే.